నమస్కారాలకే సరిపోయిన నిమిషం

ఇప్పుడంటే నేను నోరు తెరిస్తే ఎదుటివాళ్లు కుర్చీ వెనక్కి జరుపుకుంటారు గానీ, ముప్ఫై నిండని ఆ రోజుల్లో నాకూ మర్యాద అనే జబ్బుండేది. గుంటూరులో చదివిన ఫిజియోథెరపీ డిగ్రీ ఇక్కడ చెల్లలేదు. గ్రీన్‌కార్డ్ వచ్చింది, లైసెన్స్ రాలేదు. మళ్లీ మొదట్నించీ చదవమన్నారు. (మోకాళ్లు అక్కడైనా ఇక్కడైనా ఒకేలా వంగుతాయని ఎంత వాదించినా వినే నాథుడు లేడు.) అప్పుడే మా షాంటిలీ వైపు నుంచి రాష్ట్ర శాసనసభకు పోటీ చేస్తున్న రియల్ ఎస్టేట్ ఏజెంట్ ఒకాయన గుడి పార్కింగ్‌లో తగిలాడు. తెలుగులో ఒక్క ముక్కే నేర్చుకున్నాడు కాబట్టి ఆయన్ని మేమంతా నమస్కారం గారు అనేవాళ్లం. "నన్ను గెలిపించండి, మీలాంటివాళ్లకు లైసెన్స్ ఇచ్చే బిల్లు నేనే పెడతాను" అన్నాడు. ఓటు లేని నేను ఓటున్న వాళ్ల తలుపులు రెండు నెలలు కొట్టాను. గెలిచాడు. బిల్లూ పెట్టాడు, పాపం.

బిల్లును ముందుగా పరిశీలించే సబ్‌కమిటీ ముందు మాట్లాడటానికి నాకు ఒక్క నిమిషం ఇస్తారని కబురొచ్చింది. మా ఆయన సెలవు పెట్టి రాష్ట్ర రాజధానికి డ్రైవ్ చేశాడు. "ముందు విషయం చెప్పేయవే" అన్నాడు దారిలో. "సభామర్యాద తెలియని మనిషితో నాకు వాదనేంటి" అన్నాను. మైకు ముందు నిలబడి, చిన్నప్పట్నించీ మన సభల్లో చూసిన పద్ధతిలోనే, అధ్యక్షురాలికి, వేదికనలంకరించిన ఏడుగురు సభ్యులకు పేరుపేరునా (బట్టీ పట్టాను), నమస్కారం గారికి, విచ్చేసిన పెద్దలకు కృతజ్ఞతలు చెప్పుకున్నాను. "ఇక విషయానికొస్తే" అనేసరికి గంట మోగింది. అధ్యక్షురాలు కళ్లజోడు మీదుగా చూసి, "థాంక్యూ మేడమ్. ఇంతకీ మీరు బిల్లుకి సపోర్టా, అపోజా?" అంది. నా తర్వాత లేచిన అవతలి పక్షం లాయరు ఎవరికీ దండం పెట్టకుండా మూడు వాక్యాల్లో పని ముగించాడు. బిల్లు అక్కడే పోయింది.

"వచ్చే ఏడు మళ్లీ పెడదాం" అన్నాడు నమస్కారం గారు, వరండాలో చేతులు జోడించి. మరుసటేడు ఆయన పెట్టింది ఉగాదిని అభినందిస్తూ ఒక తీర్మానం. దానికి అడ్డు చెప్పినవాడు లేడు. మనవాళ్లు మురిసిపోయి శాలువా కప్పారు. అలా ఎన్నికకో శాలువా చొప్పున తొమ్మిదిసార్లు గెలిచాడు. నేనేమో ఒక క్లినిక్‌లో ముందు బల్ల దగ్గర కూర్చుని, నాకంటే చిన్నవాళ్లైన ఫిజియోలకు అపాయింట్‌మెంట్లు బుక్ చేస్తున్నాను.

పోయిన నెల ఆయన పదవీ విరమణ సన్మానం. నన్నూ మాట్లాడమన్నారు. "అక్కా, భోజనాలకు లేటవుతోంది, ఒక్క నిమిషంలో ముగించు" అన్నాడు మా సంఘం కార్యదర్శి. "అందులో సగం నీకే తిరిగిచ్చేస్తాలే తమ్ముడూ" అన్నాను. మైకు అందుకుని, ఆయనకు అర్థమయ్యేలా ఇంగ్లీషులోనే, "నా బిల్లు మళ్లీ పెడతానన్నారు, పెట్టలేదు. పదిహేడేళ్లుగా చూస్తున్నాను. నమస్కారం" అని కూర్చున్నాను. ప్లేట్లు పట్టుకుని లైన్లో నిలబడిన జనం అలవాటుగా చప్పట్లు కొట్టారు. ఆయనా అలవాటుగానే చేతులు జోడించాడు. నిమిషంలో ఇంకా నలభై సెకన్లు మిగిలే ఉన్నాయి. అవి, ఏడు పేర్లు బట్టీ పట్టి మైకు ముందు నిలబడ్డ ఆ పిచ్చిపిల్లకు పంపించే వీలుంటే బావుండుననిపించి, కాస్త నవ్వొచ్చింది.