పసుపు పెట్టిన చీర

ఆషాఢం వచ్చిందంటే గుంటూరు ఆడవాళ్లకు కాలు నిలవదు. నన్ను కూడా కలుపుకునే చెబుతున్నాను. శ్రావణమాసం నోములకూ పెళ్లిళ్లకూ కావలసిన చీరలన్నీ తగ్గింపు ఉండే ఈ నెలలోనే కొని పెట్టుకుంటాం. పత్తి గింజలు పెట్టడం అయిపోయిన ఊళ్ల నుంచి ఆటోల నిండా జనం దిగుతారు. మా ఇంటికి దగ్గరలోని నాలుగంతస్తుల బట్టల షాపు ముందు స్కూటర్ పెట్టడానికి చోటుండదు. ఒకటి కొంటే ఒకటి ఉచితమని గుమ్మానికి అడ్డంగా బ్యానర్ కడతారు. ఆ ఉచితం కోసం నేను ఎన్ని మోచేతి పోట్లు తిన్నానో నాకే తెలియదు. కుప్పలో అడుగున పడివున్న మంచి చీరను అంచు చూసి పసిగట్టి లాగేయగలనని కొంచెం గర్వం కూడా ఉంది.

రెండేళ్ల కిందటి ఆషాఢంలో అమ్మను కూడా తీసుకెళ్లాను. అమ్మ పల్లెలో మా తమ్ముడి దగ్గర ఉంటుంది. కంట్లో శుక్లం తీయించడానికి గుంటూరు తీసుకొచ్చి నా దగ్గర ఉంచుకున్నాను. అంతకు ముందు ఏడాది వేసవిలో, మిరపకాయలు ఇంకా కల్లంలో ఎండుతుండగానే నాన్న పోయారు.

ఆ పదో రోజు గురించి చెప్పకుండా ఈ చీర గురించి చెప్పలేను. అమ్మ పుట్టింటివాళ్లు లేతరంగు చీరలు తెచ్చి ఆమె ఒళ్లో పెట్టారు. ఆ సాయంత్రం అమ్మ తనే బీరువా తెరిచింది. ఇంగ్లీకం రంగు, చిలకపచ్చ, పసుపు అంచు ఉన్న నల్లచీర, అన్నీ తీసి మంచం మీద పేర్చింది. "ఇక నాకెందుకే ఇవన్నీ. నువ్వు కట్టుకో" అంది. తీసుకున్నాను. వద్దమ్మా, నీవి నువ్వే కట్టుకో అనే మాట నా నోటికి రాలేదు. బళ్లో పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని, ఇలాంటి ఆచారాల మీద స్టాఫ్ రూములో గొంతు చించుకునేదాన్ని. మంచి చీరలు కదా, ఇంకెవరికో పోవడం దేనికి అనుకున్నాను. సంచిలో సర్దుకుని తెచ్చుకున్నాను, కట్టుకున్నాను కూడా. నాకు ఊరికే వచ్చిన చీరల్లో అంత ఖరీదైనవి లేవు.

మా ఇంట్లో కొత్తబట్ట ఏదైనా సరే, అమ్మ పసుపు పెట్టకుండా ఒంటిమీదికి వెళ్లేది కాదు. నా స్కూలు యూనిఫాంకూ, నాన్న తువ్వాలుకూ, పండక్కి కొన్న దుప్పటికి కూడా. అందరూ ఒక చుక్క పెడితే అమ్మ రెండు పెట్టేది, మూల లోపలివైపు, ఒకదాని కింద ఒకటి. ఒకటి బట్టకు, ఒకటి కట్టుకునేవాళ్లకు అనేది. నాన్న పోయాక వచ్చిన లేతరంగు చీరల్లో దేనికీ ఆమె పసుపు పెట్టుకోలేదు. ఎందుకని ఎవరమూ అడగలేదు.

ఆపరేషనై నెల దాటాక డాక్టరు నల్లకళ్లద్దాలు తీసేయమన్నాడు. ఆ రోజు నుంచి అమ్మకు రంగుల పిచ్చి పట్టింది. వంటింట్లో కారం డబ్బా మూత తీసి చూసుకునేది. ఆకాశం ఇంత నీలంగా ఎప్పుడైందే అనేది. ఇన్నాళ్లూ లోకమంతా గంజినీళ్లలో ముంచినట్టు కనిపించిందట. పోనీలే, షాపు చూస్తుందని వెంటబెట్టుకు వెళ్లాను.

మూడో అంతస్తులో నేను కుప్పలోకి దూరి నాకోసం నెమలికంఠం రంగు చీర ఒకటి లాగాను. తిరిగి చూస్తే అమ్మ ఓ బల్ల పక్కన నిలబడిపోయి ఉంది. ఎదురుగా పండుమిరప రంగు చీర, బచ్చలిపండు రంగు అంచు. చేత్తో ముట్టుకోలేదు. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, వంగి చూస్తోంది.

"ఈ ఎరుపు ఇంత ఎర్రగా ఉందేంటే" అంది.

"తీసుకుందామా?"

"ఎవరికి?"

నేను దాన్ని నా చీరతో కలిపి బిల్లు వేయించాను. పక్కనే ఉన్న మాచింగ్ సెంటర్‌లో రెండింటికీ ఫాల్స్ కూడా కొన్నాను. ఇంటికొచ్చాక, ఇది ఉచితంగా వచ్చిందమ్మా, పారేస్తామా, నువ్వు కట్టుకో అన్నాను. ఉచితమంటే ఒప్పుకుంటుందని నా తెలివి.

అమ్మ ముఖం మారిపోయింది. "తెలిసే తెచ్చావా, తెలియక తెచ్చావా? శ్రావణంలో ఊళ్లో నలుగురూ వస్తారు. ఈవిడకి ఎర్రచీర కావాల్సొచ్చిందా అంటారు. వెళ్లి ఇచ్చేసిరా."

"అననీ. వాళ్లేమన్నా కొనిపెట్టారా?"

"నీకేం, ఇక్కడ కూర్చుని ఎన్నైనా చెబుతావు. వాళ్ల మధ్య ఉండాల్సింది నేను."

ఆ మాట నిజమే. నిజం ఎదురైతే నాకు కోపం వస్తుంది. రెండు రోజులు ముభావంగా ఉన్నాను. సంచి మంచం మీదే పడివుంది. నా కోపానికి ఇంకో కారణం కూడా ఉందని ఒప్పుకోవాలి. ఉచితంగా వచ్చినదాన్ని ఇచ్చేయాలంటే కొన్నదాన్ని కూడా ఇచ్చేయాలట, షాపు రూలు. నా నెమలికంఠం చీర కూడా పోతుంది. మూడో రోజు బడి నుంచి రాగానే అమ్మ సంచి తెచ్చి నా చేతిలో పెట్టింది. "గడువు దాటిపోద్ది, వెళ్లు" అంది. నా ముఖంలోకి చూడలేదు.

వాపసు కౌంటరు దగ్గర ఉన్న అమ్మాయి ముందు నా చీర విప్పి, నాలుగు మూలలూ చూసి పక్కన పెట్టింది. తర్వాత ఎర్రది విప్పింది. కొంగు మూల దగ్గర ఆగింది.

"పసుపు పెట్టేశారు కదా మేడం. పసుపు పెట్టినవి తీసుకోమండి. బిల్లు వెనక రాసే ఉంటది."

"ఎవరు పెట్టారు? మేము మడత కూడా విప్పలేదు. మీ షాపులోనే ఎవరో చెయ్యి తుడిచుంటారు" అని గట్టిగానే అన్నాను. వెనక వరుసలో ఉన్నవాళ్లు మెడలు చాచి చూశారు.

ఆ అమ్మాయి మూల తిరగేసి నా వైపు పెట్టింది. లోపలివైపు రెండు చుక్కలు. కందిగింజంత చిన్నవి, ఒకదాని కింద ఒకటి.

నా చీర మళ్లీ తీసి నాలుగు మూలలూ నేనే వెతికాను. ఒక్కదాని మీదా పసుపు లేదు. రెండు చీరలూ ఒకే సంచిలో ఉన్నాయి. అలవాటు కొద్దీ పెట్టి ఉంటే రెండింటికీ పెట్టేది. నేను బడిలో ఉన్నప్పుడు ఎప్పుడో, సంచి తెరిచి, ఆ ఒక్కటీ బయటికి తీసి, తనకు పెట్టుకుంది. మళ్లీ అదే మడతలో మడిచి, ఇచ్చేసిరమ్మని నా చేతికే ఇచ్చింది. కౌంటరు ముందు నిలబడి ఏడ్చాను. ఆ అమ్మాయి చీర కోసమనుకుని, పోనీ మేనేజరును అడగమంటారా అంది. వద్దన్నాను.

ఇంటికి వచ్చి సంచి అమ్మ పక్కన పెట్టాను.

"తీసుకోలేదా?"

"పసుపు పెట్టినవి తీసుకోరంట."

అమ్మ గోడవైపు తిరిగింది. "కొత్తబట్ట కదా, ఇంట్లోంచి ఉత్తగా ఎట్లా పంపిస్తా" అంది.

"నా దానికి పెట్టలేదుగా అమ్మా."

నేను లోపలికి వెళ్లి నా బీరువాలో ఉన్న ఆమె చీరలు, పదో రోజున తెచ్చుకున్నవన్నీ, తెచ్చి మంచం మీద పెట్టాను. ఆ రోజే వద్దనాల్సింది, తప్పు చేశాను అన్నాను. అమ్మ వాటిని ఒక్కొక్కటే తడిమి చూసింది. చిలకపచ్చ దాన్ని కిటికీ వెలుతురులోకి ఎత్తి చూసింది. మళ్లీ అన్నీ నావైపే నెట్టింది.

"ఇవి ఇచ్చేశాను. ఇచ్చినవి మళ్లీ తీసుకోను" అంది.

తప్పేం లేదులే అంటుందేమోనని చూశాను. అనలేదు. ఎర్రచీర ఒళ్లోకి లాక్కుని, కుచ్చిళ్లు వచ్చే చోట అంచు లోపలివైపు ఫాల్ పరిచి, చేత్తో సాఫు చేసింది.

"దగ్గరివి ఇంకా సరిగ్గా ఆనట్లేదు. సూదిలో దారం ఎక్కించు" అంది.

రెండుసార్లు తప్పింది. మూడోసారి ఎర్రదారం ఎక్కించి ఇచ్చాను.