మామ్మ అడిగిన పచ్చ

దెయ్యాలను నమ్మేంత తీరిక నాకెప్పుడూ లేదు. మలేషియాలో బంటింగ్ దగ్గర ఎస్టేటులో పెరిగిన మా నాన్న, రబ్బరు తోటలో తిరిగే తెల్లచీర మనిషి గురించి చెబుతుంటే, "ఆ చీర ఎవరు ఉతికి పెడతారు నాన్నా?" అని అడిగి చీవాట్లు తిన్నదాన్ని. ఇప్పుడు నా ఉద్యోగమూ అలాంటిదే. సైబర్‌జయలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో, వేరేవాళ్లు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం. ఎవరైనా "అదంతే" అన్నారంటే నాకు ఒళ్లు మండుతుంది.

అలాంటి నేనే "అదంతే" అనుకుని ఊరుకోవాల్సి వచ్చిన సంగతి ఇది.

ఎస్టేటులో కూలీల లైన్ ఇళ్లు పడగొట్టినప్పుడు మా మామ్మ, అంటే నాన్న తల్లి, మా ఫ్లాటుకు వచ్చింది. అప్పటికే ఆమెకు చూపు పూర్తిగా పోయింది. కంటి డాక్టరు మా ఎదుటే లైటు వేసి చూసి, వెలుగూ చీకటీ కూడా తెలియవని చెప్పారు. మామ్మతో పాటు వచ్చిన సామాను రెండే. ఒక బట్టల మూట, వరండాలో ఉండే పాత చెక్క బెంచీ.

ఫ్లాటులో ఆమె ఇమడలేదు. గోడ పట్టుకుని నడిచేది. వంటింటికని బయలుదేరి బాత్‌రూములో తేలేది. సాయంత్రమయ్యేసరికి మూట చంకన పెట్టుకుని తలుపు దగ్గర నిలబడేది. "మాయింటికి ఎలిపోతాను, తలుపు తియ్యే" అనేది. లేని ఇంటికి ఎక్కడికని తీసుకెళ్లను? నాకు ఏడుపొచ్చేది. అన్నం కూడా సగంలోనే వదిలేసేది.

నాన్నవి ఫ్యాక్టరీ షిఫ్టులు, తన దగ్గర పెట్టుకోలేడు. క్లాంగ్ వైపు ఒక వృద్ధాశ్రమం చూశాననీ, కుదురుకోకపోతే అక్కడ చేర్చేద్దామనీ ఫోనులో గొంతు తగ్గించి చెప్పాడు. నాకు మనసొప్పలేదు. అలాగని వేరే దారీ తోచలేదు.

ఒకరోజు మామ్మ ఆ బెంచీని తడుముతూ, "దీనికి పచ్చ ఎయ్యే అమ్మీ. మెరిసిపోయే పచ్చ. అప్పుడుంటాను" అంది.

కళ్లు లేని మనిషికి రంగెందుకని నేను అడగలేదు. ఉంటానంది, అంతే చాలు.

మా ఆయన సెల్వం తమిళుడు. ఇంట్లో మేం మాట్లాడుకునేదీ తమిళమే. నా తెలుగు అప్పట్లో అంతంతమాత్రం. తమిళంలో పచ్చై అంటే ఆకుల రంగు. ఇద్దరికీ ఇంకో అనుమానమే రాలేదు. చిలకపచ్చ ఎనామిల్ డబ్బా తెచ్చాం. బెంచీని బాల్కనీలో పెట్టి, పాత గోధుమరంగు మీద ఉప్పు కాగితంతో రుద్ది, ప్రైమర్ కొట్టి, రెండు కోట్లు వేశాం. కళ్లు చెదిరేలా వచ్చింది. "దీన్ని ఎవరు చూడాలి?" అని సెల్వం నవ్వాడు.

బాగా ఆరాక హాల్లో పెట్టి మామ్మను తీసుకొచ్చాను. ఆమె కూర్చోలేదు. చెక్క మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉంచి, ముఖం చిట్లించింది.

"ఇది పచ్చ కాదే."

"పచ్చే మామ్మా. నువ్వడిగిందే ఏసినాం."

"పచ్చ అడిగితే ఆకురంగు ఏస్తావేటే? గుడ్డిదాన్నని ఏదేసినా ఊరుకుంటాననుకున్నావా?"

నాకేమీ అర్థంకాక నాన్నకు ఫోన్ చేశాను. ఆయన ఒకటే నవ్వు. మామ్మకు పచ్చ అంటే పసుపు రంగేనట, పాతకాలం వాళ్లంతా అలాగే అంటారట. ఉన్నట్టుండి ఆ నవ్వు ఆగిపోయింది. "మరి అది ఆకురంగని అమ్మకెలా తెలిసిందే?" అన్నాడు.

ఇక నా బుర్ర పనిలో పడింది. ఎవరైనా చెప్పారా? ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. మేం ఆ రంగు గురించి ఎన్నిసార్లు మాట్లాడుకున్నా పచ్చ, పచ్చై అనే అన్నాం. ఆమె చాటుగా విన్నా పసుపు వేశామనే అనుకోవాలి. మా తప్పే ఆమెకు సాక్ష్యమై కూర్చుంది.

అదే కంపెనీ పసుపు డబ్బా కొన్నాను. ఒకే పలకను ముక్కలుగా కోయించి, కొన్నిటికి పసుపు, కొన్నిటికి ఆకుపచ్చ వేసి, వాసన పోయేదాకా ఎండబెట్టాను. గుడ్డసంచిలో కలిపేసి, నేనూ కళ్లు మూసుకునే ఒక్కో ముక్క తీసి మామ్మ చేతికిచ్చాను. ఏది ఏదో నాకు తెలిస్తే కదా నా గొంతులో పట్టుబడేది! ఆమె చెప్పాకే కళ్లు తెరిచి చూశాను. ఒక్కసారీ తప్పు చెప్పలేదు. చివరికి విసుగొచ్చి ముక్కను నా మీదికి విసిరింది. "పరీచ్చలెట్టడం ఆపి బెంచీకి ఎయ్యే, మాయదారి గుంటా!"

వేశాం. నిమ్మపండు రంగులో బెంచీ మెరిసిపోయింది. మామ్మ అరచెయ్యి ఆనించి, నవ్వి, కూర్చుంది. ఆ రోజే అసలు సంగతి చెప్పింది. పెళ్లయి కొత్తగా వచ్చినప్పుడు లైన్ ఇళ్లన్నీ ఒక్కలాగే ఉండేవట. రబ్బరు పాలు గీసి తిరిగొచ్చేటప్పుడు ఎవరింట్లోకో దూరిపోయేదట, జనం పడీ పడీ నవ్వేవారట. అందుకని తాతయ్య తమ వరండాలో ఈ బెంచీకి పసుపు రంగు వేశాడట, ఏళ్ల తర్వాత ఎవరో దాని మీద గోధుమరంగు కొట్టేశారట. "మీ తాత ఏసినాడు. పచ్చగా అవుపడితే మాయిల్లే" అంది.

అప్పటినుంచి మామ్మ గోడ పట్టుకోవడం మానేసింది. గదిలోంచి తిన్నగా బెంచీ దగ్గరికి వచ్చేది. నేను కావాలని బెంచీని వేరే మూలకు జరిపితే ఆ మూలకే వచ్చేది. మూట మాత్రం విప్పలేదు. నాన్న కూడా ఆశ్రమం మాట వదల్లేదు.

ఒక మధ్యాహ్నం బిల్డింగులో ఫైర్ అలారం మోగింది. సెల్వం ఆఫీసులో ఉన్నాడు. తలుపు దగ్గరికి వేసి, మామ్మను మెట్ల మీదుగా దింపాను. ఉత్త అలారమేనని గార్డు చెప్పాక అందరూ ఒక్కసారిగా లిఫ్టుల మీద పడ్డారు. ఆ తోపులాటలో మామ్మ చెయ్యి జారిపోయింది. పార్కింగంతా వెతికాను, అరిచాను. పోలీసులకు చెప్పడానికి ఫోను కోసం పైకి పరిగెత్తాను.

మామ్మ పచ్చటి బెంచీ మీద కాళ్లు ఊపుకుంటూ కూర్చుని ఉంది.

తర్వాత గార్డు కెమెరా చూపించాడు. కిక్కిరిసిన లిఫ్టు ప్రతి అంతస్తులోనూ ఆగింది. ఆమె మా అంతస్తులోనే దిగింది. ఎవరూ చెయ్యి పట్టుకోలేదు. గోడ ముట్టుకోకుండా, ఒక్కలాంటి తలుపులన్నీ దాటుకుంటూ కారిడార్ మధ్యలోంచి నడిచి, మా తలుపు ముందు ఆగి, తోసుకుని లోపలికి వెళ్లింది.

"ఎలా వచ్చినావు మామ్మా?" అని ఏడుస్తూ అడిగాను.

"మాయిల్లు నాకు తెల్దేటే?" అంది.

మాయిల్లు! మా ఫ్లాటును ఆమె ఆ మాట అనడం అదే మొదలు. ఆ సాయంత్రం తనే మూట విప్పి చీరలు నా చేతికిచ్చింది. నాన్నకు ఫోన్ చేసి, ఇక ఆశ్రమం పేరెత్తితే ఊరుకోనని చెప్పాను.

ఇదంతా ఎలా జరిగిందంటే, అదంతే. కళ్లు మూసుకుని ఆ బెంచీ మీద నేనూ అరచెయ్యి పెట్టి చూశాను. నున్నగా ఉంది, అంతే. నేను చెయ్యగలిగింది ఒక్కటే. కౌలాలంపూర్‌లో ఆదివారం తరగతికి వెళ్లి తెలుగు సరిగ్గా నేర్చుకున్నాను.

మొన్న ఫోను చూసుకుంటూ కింది అంతస్తులోనే లిఫ్టు దిగిపోయాను. ఎవరిదో తలుపుకు తాళంచెవి పెట్టి తిప్పుతుంటే, లోపలినుంచి ఒకావిడ మలయ్‌లో కేకలేసింది. సిగ్గుపడుతూ పైకొచ్చి మామ్మకు చెప్పాను.

మామ్మ బెంచీ మీద పక్కకు జరిగి నాకు చోటిచ్చింది.

"రెండు కళ్లున్నాయి, నీకు పచ్చ అవుపడలేదేటే?" అంది.