రెండో గీత

జీవశాస్త్రంలో డిగ్రీ చేతికొచ్చిన కొత్తల్లో, ప్రపంచం తన కష్టాలన్నీ మూటగట్టుకుని నా కోసమే ఎదురుచూస్తోందని నమ్మేదాన్ని. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ నమ్మకంతో పొద్దున్నే లేచి తయారైన రోజుల హుషారు మళ్లీ నాకు దొరకలేదు. ఇనుప గనులున్న బచేలి కాలనీలో పుట్టి పెరిగినదాన్ని. నాన్న శ్రీకాకుళం నుంచి గని ఉద్యోగానికి వచ్చి అక్కడే ఉండిపోయాడు. చదువవగానే మలేరియా మీద పరిశోధన చేసే ఒక బృందంలో పని దొరికింది. దోర్నపాల్ అవతలి ఊళ్లలో ఇల్లిల్లూ తిరగాలి, తెల్లవారగానే గోడల మీద వాలిన దోమల్ని గొట్టంతో పీల్చి సీసాలో వేయాలి, మనుషుల వేలి నుంచి నెత్తుటి చుక్క తీసి పరీక్ష చేయాలి. (గొట్టం మధ్యలో జాలీ ఉంటుంది, దోమ నోట్లోకి రాదు. జాలీ పెట్టడం మరచిన రోజు ఏమైందో ఇక్కడ రాయను.)

నేను వెళ్లిన మొదటి ఊళ్లో నాకు ఎదురుపడింది దోర్ల తెగకు చెందిన ఒక ముసలమ్మ. చూసినప్పుడల్లా కసిరేది కనుక 'గద్దింపు అవ్వ' అని మనసులోనే పేరు పెట్టుకున్నాను. వాకిట్లో చింతపండు గింజలు తీస్తూ, "ఏంది పిల్లా, మీ ఊర్ల దోమల్లేవా? మా దోమల్నెందుకు పట్టుకపోతున్నవు?" అంది. మందులకు లొంగని క్రిములు, ప్రపంచ ఆరోగ్యం అంటూ పావుగంట చెప్పాను. అంతా ఓపిగ్గా విని, "సరే, పట్టుకపో. ఒక్కదాన్ని గూడ మిగలనీకు," అంది.

దోమల విషయంలో ఉదారంగా ఉన్న అవ్వ నెత్తురు దగ్గర మాత్రం మొండికేసింది. ఆమె కూతురికి ఏడో నెల. మనిషి పాలిపోయింది, నాలుగడుగులు వేస్తే ఆయాసం. అంతకు ముందు ఒక కడుపు నిలవలేదని ఊరి ఆరోగ్య కార్యకర్త (అక్కడ మితానిన్ అంటారు, నాకు మితానిన్ అక్క) చెప్పి, ఎలాగైనా పరీక్ష చేద్దామంది. అవ్వ అడ్డంగా నిలబడింది. "జ్వరమే లేని మనిషికి పరీక్ష ఏంది? ఉన్న కాస్త నెత్తురు గూడ మీరే తాగుతరా?" జ్వరం కనపడకుండానే ఒంట్లో క్రిములు ఉండొచ్చని, దోమలు వాటిని ఇంకొకరికి మోస్తాయని, కడుపుతో ఉన్నవాళ్లకు మరీ ప్రమాదమని మూడు రోజులు వాదించాను. నా కాలనీ తెలుగును మితానిన్ అక్క వాళ్ల దోర్లి మాటలోకి మార్చేది, నాకన్నా క్లుప్తంగా, బాగా. అయినా అవ్వ కదల్లేదు.

నాలుగో రోజు నాకు పౌరుషం వచ్చింది. "చూడు అవ్వా, నాకు నేనే గుచ్చుకుంటా. నాకే రోగమూ లేదు కాబట్టి ఒక్క గీతే వస్తుంది. రోగముంటేనే రెండోది," అని వేలికి గుచ్చుకుని, నెత్తుటి చుక్కను పరీక్ష పట్టీ మీద వేసి అరుగు మీద పెట్టాను. ఇరుగుపొరుగు మూగారు. ఫలితం వచ్చేలోపు శుభ్రత గురించి వాళ్లకొక ఉపన్యాసం కూడా ఇచ్చాను. మధ్యలో అవ్వ కూతురు మెల్లగా, "అక్కా, రెండున్నయి," అంది. వెలుతురు చాలడం లేదన్నాను. పట్టీని ఎండలోకి తెచ్చాను. ఎండలో రెండో గీత ఇంకా ఎర్రగా కనిపించింది.

అవ్వ నవ్వడం నేను చూసింది అప్పుడే. చింతపండు చేతుల్తోనే కడుపు పట్టుకుంది. "రోగమున్న పిల్ల వచ్చి మా రోగం తీస్తనన్నది!" ఊరంతా నవ్వింది. నేను తలెత్తలేకపోయాను. అప్పుడు ఆమె కూతురు నా ముందు కూర్చుని చెయ్యి చాపింది. "అమ్మా, ఈ అక్కకు తెల్వకుండనే ఉన్నది గదా. నాకు గూడ ఉన్నదేమో." అవ్వ నవ్వు ఆగిపోయింది. ఆమె వేలికి గుచ్చాను. రెండో గీత వచ్చింది. అవ్వ కూతురి తల మీద చెయ్యి వేసి, నా వైపు చూసి, "బండి ఏడ దొరుకుతది?" అని మాత్రం అంది.

జీపులో దోర్నపాల్ ఆస్పత్రికి వెళ్లి డాక్టరుకు చూపించాం. అక్కడ సిగ్నల్ దొరగ్గానే అమ్మకు ఫోన్ చేసి, "అమ్మా, టెస్టులో రెండు గీతలొచ్చాయే," అన్నాను. అవతల అమ్మ వెళ్లి తలుపేసి వచ్చిన చప్పుడు వినిపించింది. తర్వాత సన్నగా, "ఎవడే ఆడు?" అంది. దోమ అని నమ్మించడానికి చాలా కష్టపడాల్సి వచ్చింది.

మాత్రలు మా ఎదుటే మింగించాలన్నది మా నియమం. కానీ మందు వేసుకున్న మూడు రోజులూ అవ్వే మా ఇద్దరికీ వేడి జావ పోసి, మాత్రలిచ్చి, నోరు తెరిపించి చూసేది. అంత గద్దింపుగా, అంత ప్రేమగా నన్ను మళ్లీ ఎవరూ కనిపెట్టుకుని ఉండలేదు. ఊరంతా వరసకట్టి పరీక్ష చేయించుకుంది. వానల్లో అవ్వకు మనవరాలు పుట్టింది, బరువుగా, కేకలేస్తూ. పని ముగిసి వచ్చేస్తుంటే, "మల్లెప్పుడొస్తవు పిల్లా?" అని అడిగింది. త్వరలోనే అన్నాను. వెళ్లలేదు. అవ్వ పోయిందని మితానిన్ అక్క ఫోన్‌లో చెప్పినప్పుడు నేనొక సదస్సులో ఉన్నాను.

ఇప్పుడు మహానగరంలో పెద్ద ప్రయోగశాల నాది. మలేరియా క్రిమి జన్యువుల్లో వచ్చే మార్పుల్ని చల్లటి గదిలో కూర్చుని చదువుతాను. దేశదేశాల నమూనాలు వస్తాయి, వాటి మీద అంకెలే ఉంటాయి, గద్దించే మనుషులుండరు. నిన్న మా బృందంలో కొత్తగా చేరిన అమ్మాయి మొదటిసారి ఊళ్లకు బయల్దేరుతూ, "వాళ్లేం అడిగినా నా దగ్గర జవాబుంది మేడం," అంది. ఆ గర్వం చూసి ముచ్చటేసింది. ఏమీ సరిదిద్దలేదు. బండి గేటు దాటేదాకా కిటికీ దగ్గర నిలబడ్డాను. అందులో నాకూ ఒక్క సీటుందేమో అడిగి ఉండాల్సింది.