టిఫిన్ మూతలో నీళ్లు

ఎనభైల్లో ఓ వేసవి మధ్యాహ్నం, కలకత్తా దగ్గర బడ్జ్ బడ్జ్ లోకల్ రైల్లో సిగరెట్ వెలిగించాను. కిటికీ బయట పట్టాల వెంట ఎండుగడ్డి, ఆ వెనక చమురు ట్యాంకులు. ఎదురు సీట్లోని ఖాకీ చొక్కా పెద్దాయన నా చేతిలో తెలుగు పత్రిక చూసి, "బాబూ, పీక బయటికి ఇసరకు" అన్నాడు.

"నా సిగరెట్, నా ఇష్టం. మీకేటి?" అన్నాను.

"తాగు బాబూ, నానొద్దన్నానేటి? గడ్డి బాగా ఎండిపోనాది. పీక ఇందల ఎయ్యి," అంటూ టిఫిన్ మూతలో తన సీసాలోని నీళ్లు పోసి నా ముందు పట్టాడు. బండి ఊగుతున్నా ఒలకనీయకుండా, నా ఆఖరి దమ్ము దాకా రెండు చేతులా పట్టుకునే ఉన్నాడు. పీక చుయ్‌మని ఆరింది.

దిగేముందు ఆయన సీసా నోట్లో వంపుకున్నాడు. ఒక్క చుక్కే రాలింది.

నేను సిగరెట్ మానలేదు. పక్కన నీళ్లు లేకుండా మాత్రం వెలిగించను.