అరవై పేర్ల ప్రోగ్రామ్

వాక్కునకు అధిదేవతయైన తల్లికి అంజలి ఘటించి, జరిగినది జరిగినట్లు వ్రాస్తున్నాను.

శ్రీ విశ్వావసు నామ సంవత్సర ఆషాఢ శుద్ధ ద్వాదశి, సోమవారం నాడు మెదక్‌లో ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులకు మూడు రోజుల కంప్యూటర్ శిక్షణ మొదలైంది. మా బడికి వచ్చిన కంప్యూటర్లు ఇంకా అట్టపెట్టెలలోనే ఉన్నవి. శిక్షణలో నెగ్గిన ఉపాధ్యాయుడు ఒక్కడైనా లేకుంటే వాటిని మరొక బడికి తరలిస్తారట. తక్కినవారికి తీరిక లేక, పదవీ విరమణకు దగ్గరపడిన తెలుగు పండితుడనైన నన్ను పంపారు.

“ఊకె సంతకం పెట్టి రాండ్రి పంతులుగారు. పరీక్ష వాళ్లే రాసిస్తరు,” అన్నారు మా ప్రధానోపాధ్యాయురాలు.

అది నిజమే. ఎవరి చేయి తడబడినా, శిక్షకుడైన యువకుడు మౌసు అందుకొని తానే పని ముగించేవాడు. మూడవనాడు ప్రతివారూ ఒక ప్రోగ్రామ్ వ్రాసి నడిపి చూపాలి. నేను ప్రభవాది అరవై సంవత్సరాల పేర్లు ఎక్కించి, వరుస సంఖ్య ఇస్తే పేరు చెప్పేటట్లు వ్రాశాను. నేను పుట్టినది క్రోధిలో. అది ముప్పది యెనిమిదవది. నా పుట్టిన యేడు చూడండని చెప్పి ఆ సంఖ్య కొట్టగా తెరమీద ‘విశ్వావసు’ వచ్చింది.

పాపన్నపేట నుంచి వచ్చిన లెక్కల ఉపాధ్యాయుడు నా వెనుకనే నిలిచి చూస్తున్నాడు. “అరే, పంతులు సారు గీ యేడే పుట్టిండట! జర తొట్టెల కట్టుండ్రి!”

గది ఘొల్లుమన్నది. శిక్షకుడు చేయి చాచాడు. “జరుగుండ్రి సార్, రెండు నిమిషాల్ల నేను కొట్టిస్త. అందరికి గట్లనే చేసిన.”

“చెయ్యి తియ్యి నాయనా. తప్పైనా నాదే కావాలె.”

“గట్లయితే ఫెయిల్ అయితరు సార్.”

“అయితె అయిత. రేపు పిల్లగాండ్లు అడిగితె నువ్వొస్తవా చెప్పనీకి?”

ఏనాడూ ఏ విద్యార్థి జవాబునూ నేను వ్రాసిపెట్టినవాడను కాను. నా జవాబును మరొకరు వ్రాయుటకు ఎట్లు ఒప్పుకొందును? భోజనానికి అందరూ లేచారు, నేను లేవలేదు. ఒకటి కొట్టాను: ‘విభవ’ వచ్చింది, అది రెండవది. సున్న కొట్టాను: ‘ప్రభవ’! ఆ యంత్రం మొదటిదానిని సున్నగా ఎంచుతున్నదన్నమాట. ఇచ్చిన సంఖ్యలో ఒకటి తగ్గించి చూడుమని ఒక పంక్తి చేర్చాను. క్రోధి వచ్చింది.

తిరిగి వచ్చిన శిక్షకుడిని పిలిచి, చేతులు వెనుక కట్టుకొని చూడమన్నాను. అతడు నాలుగు సంఖ్యలు చెప్పాడు; నేను కొట్టాను. నాలుగూ సరిపోయినవి. నెగ్గినవారి జాబితాలో నా పేరు వ్రాసుకొన్నాడు.

శ్రావణ శుద్ధ దశమి, సోమవారం నాడు మా బడిలో పెట్టెలు విప్పాము. తొమ్మిదవ తరగతికి మొదటి పాఠం నేను చెప్పాను.