కొనకొమ్మన ఒక బదనిక

ఆ రోజుల్లో హోసూరు చుట్టుపక్కల మనిషికి జబ్బు చేస్తే ఎవరి దగ్గరికి పోవాలో నలుగురూ నాలుగు పేర్లు చెప్పేవాళ్ళు గానీ, చెట్టుకు జబ్బు చేస్తే మాత్రం అందరూ మత్తిగిరి వైపే చెయ్యి చూపించేవాళ్ళు. అక్కడ ఉండేది మా మేనమామ. ఆయన దగ్గర పని నేర్చుకుంటూ నేను. హోసూరు నుంచి కృష్ణగిరి దాకా రోడ్డుకు రెండు పక్కలా ఏ తోటలో ఏ చెట్టుకు ఏ బాధ ఉందో మామకు నోటికి వచ్చు. మనుషుల పేర్లు మాత్రం ఒక్కటీ గుర్తుండేవి కావు. పెళ్ళిళ్ళలో ఎవరైనా పెద్దమనిషి పలకరిస్తే, "పురుగు తొలిచిన నీలం మామిడి చెట్టు మీదే కదయ్యా!" అని సంబరంగా గుర్తుపట్టేవాడు. (వాళ్ళు మొహం మాడ్చుకునేవాళ్ళు. మామకు ఎందుకో అర్థమయ్యేది కాదు.) మా ఆస్తి అంతా ఒక గోనెసంచిలో పట్టేది. రెండు రంపాలు, ఒక కొడవలి, పెద్ద తాడు, ఒక పాత గొడుగు కమ్మి. ఆ కమ్మిని పురుగు తొలిచిన కంతలో పోనిచ్చి, పురుగును గుచ్చి బయటికి లాగి, కిరసనాయిలులో ముంచిన దూది కుక్కి, పైన బంకమట్టి మెత్తితే చెట్టు ఊపిరి పీల్చుకుంటుంది. పెద్ద కొమ్మ తీసేటప్పుడు ముందు కింది నుంచి మూడోవంతు కొయ్యాలి, తర్వాత పై నుంచి. అలా చెయ్యకపోతే కొమ్మ తన బరువుకు తానే విరిగి, మాను పొడుగునా బెరడును చీల్చుకుంటూ పోతుంది. కోసిన చోట ఎర్రమట్టీ పేడా కలిపి పట్టు వెయ్యాలి. ఇవన్నీ నాకు ఇరవై రెండేళ్ళకే వచ్చు. చెట్లెక్కడంలో నన్ను మించినవాడు తాలూకాలోనే లేడని కూడా నేనే అందరికీ చెప్పుకునేవాణ్ణి. మామ మాత్రం, "ఎక్కేది కోతి కూడా ఎక్కుతాది. చెట్టు మీదుండేవానికి ఏమీ కనబడదు, అది గుర్తు పెట్టుకో," అని మొదటి రోజే చెప్పాడు. నేను వినలేదు.

కృష్ణగిరి దారిలో, మా ఇంటికి పన్నెండు మైళ్ళ దూరంలో, ఒక మామిడి తోట ఉండేది. తోట ఆసామి మీసాలు చూసి మేమిద్దరం ఆయన్ను మీసాలాయన అనుకునేవాళ్ళం (ఎదుట కాదు లెండి). ఆ తోట తూర్పు గట్టు మీద ఒక చెట్టు నాలుగేళ్ళుగా కాయడం మానేసింది. దాన్ని కొట్టించి పలకలు కోయించాలని ఆయన నిర్ణయం. ఆయన కూతురు రెండు రోజులుగా తండ్రితో మాట్లాడకుండా ఆ చెట్టు కిందే కూర్చుంటోందట. ఎందుకంటే దాని టెంకను నాటింది చనిపోయిన వాళ్ళ అమ్మ, కాపురానికి వచ్చిన ఏడాది. ఈ గొడవ తేల్చడానికి మమ్మల్ని పిలిపించారు. మామ చెట్టు చుట్టూ తిరిగి, మెడ వెనక్కి వంచి చూసి, "ఇది గొడ్డుది కాదయ్యా. దీని నోటికాడ కూడు ఇంకోడు తింటుండాడు," అన్నాడు. ఆ ఇంకోడు బదనిక. అది భూమిలో మొలవదు, మామిడి కొమ్మలోనే వేరు దించి, మామిడి రసం తాగి, ఎర్రటి పూలు పూసుకుని దర్జాగా బతుకుతుంది. పిట్టలు దాని పండు తిని, ముక్కుకు అంటుకున్న గింజను పక్క కొమ్మకు రుద్దితే అక్కడ ఇంకొకటి. మీసాలాయన కూతురి మొహం చూసి, కొంచెం మెత్తబడి, "సరే, రెండు పూతలు చూస్తాను. మూడో తూరి పిలిపించేది మిమ్మల్ని కాదు, రంపం కూలోళ్ళను," అన్నాడు.

బదనిక తీసే పనిలో ఒక చిక్కుంది. ఎక్కినవాడి చుట్టూ ఆకులే కాబట్టి ఏది ఎక్కడుందో వాడికి తెలీదు. ఒకరు కింద దుక్కిలో చెట్టు చుట్టూ నడుస్తూ, ఆకాశం వెలుతురులో చూసి చోటు చెప్పాలి. మామూలుగా ఆ పని మామది. ఆ రోజు ఆయనకు బావి అవతల పురుగు పట్టిన చెట్లు పది ఉన్నాయి. మీసాలాయనకు మామిడాకూ బదనికాకూ ఒకటే. చివరికి కూతురు ముందుకొచ్చింది. మామ రెండు ఆకులూ ఆమె చేతిలో పెట్టి, "ఇది మామిడాకు, వంచితే వంగుతాది. ఇది బదనిక, దళసరి, మడిస్తే టప్పున విరుగుతాది. రంగు కూడా మబ్బుగా ఉంటాది," అన్నాడు. ఆమె ఒక్కసారి విని నేర్చుకుంది (నాకు ఏడాది పట్టింది).

"ఆడ కాదప్పా, ఇంకా పైన. నీ ఎడమ చెయ్యి కాడ," అని కింది నుంచి ఆమె గొంతు. నేను కుడివైపు జరిగేవాణ్ణి. "అది ఎడమ చెయ్యేనా?" అని మళ్ళీ ఆమే. అంతకుముందు నాకు ఎడమ కుడీ బాగానే తెలుసు, ప్రమాణం చేసి చెప్పగలను. పొద్దు వాలేసరికి ముప్పై గుత్తులు తీశాను. ఒక్కటి మిగిలింది, చిటారు కొమ్మన, నా మొహానికి ఎదురుగా. కొడవలి ఎత్తాను. ఇది కోస్తే పని అయిపోతుంది. పని అయిపోతే ఈ తోటకు మళ్ళీ ఎందుకు వస్తాను? వైద్యుడు చెయ్యకూడని పని ఆ క్షణంలో చేశాను. రెండు మామిడి రెమ్మలు వంచి దాని మీద కప్పి, కొడవలి మొలలో దోపుకుని, ఏమీ ఎరగనట్టు, "ఇంకేమన్నా కనబడతాందా అమ్మా?" అని అరిచాను. ఆమె చెట్టు చుట్టూ నిదానంగా నడిచింది. "లేదప్పా, అయిపోయినాయి. దిగొచ్చేయ్," అంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ రెండేళ్ళలో, "మళ్ళా మొలకలు లేచినాయేమో చూసొస్తా మామా," అని మరో మూడుసార్లు వెళ్ళాను. (నా శ్రద్ధ చూసి మామ ఊరంతా గొప్పగా చెప్పుకున్నాడు.) పన్నెండు మైళ్ళూ సైకిలు తొక్కుతూ ఆమెతో ఏం మాట్లాడాలో వల్లె వేసేవాణ్ణి. తీరా ఆమె మజ్జిగ చెంబు తెచ్చి ఇస్తే, "ఈ తూరి వానలు బాగానే పడినాయి," అనేవాణ్ణి. "పడినాయి," అనేది. ఒకసారి వానలు పడని ఏడాది కూడా అదే అన్నాను. ఆమె ఆకాశం కేసి చూసి, "పడినాయి," అనే అంది. తర్వాత ఎక్కడం, లేత మొలకలు గిల్లడం, ఆ ఒక్క గుత్తిని పలకరించి రావడం, "ఇంకేమన్నా కనబడతాందా అమ్మా?", "ఏమీ లేదప్పా." నా ప్రేమకథ మొత్తం ఇంతే. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ నాలుగు మాటల కోసం నేను నెలల తరబడి ఎదురుచూసేవాణ్ణి. తిరుగు దారిలో సైకిలు దానంతటదే మెల్లగా పోయేది.

రెండో పూత వచ్చింది. చెట్టు పడమర సగం పూసింది. తూర్పు సగం బోసిగా ఉండిపోయింది. నేను దాచుకున్న గుత్తి పండ్లు తిన్న పిట్టలు ఆ పక్కంతా నేను గిల్లినవాటికంటే ఎక్కువ గింజలు రుద్ది పెట్టాయి. మీసాలాయన కబురు పంపాడు. మేం వెళ్ళేసరికి రంపం కూలీలిద్దరు గట్టు మీద కూర్చుని బీడీలు కాలుస్తున్నారు. ఆమె మానుకు ఆనుకుని నిలబడి ఉంది, కళ్ళు ఎర్రగా. మామ ఇంకో ఉపాయం వేశాడు. మా వైపు కాయని చెట్టును బెదిరించే ఆచారం ఒకటుంది. ఒకరు గొడ్డలి ఎత్తి, "కాస్తావా, కొట్టేయమంటావా?" అని గద్దించాలి. ఇంకొకరు అడ్డం వచ్చి, "కొట్టొద్దు, వచ్చే ఏడు కాస్తాది, నేను జామీను," అని బతిమాలాలి. గొడ్డలి ఒక్కసారి మెల్లగా తాకించి, ఆ గాయానికి పసుపు పెట్టి వదిలేస్తారు. "ఆ మర్యాద జరగకుండా కొట్టగూడదయ్యా. మీరు గొడ్డలెత్తండి, మావాడు జామీను నిలబడతాడు," అన్నాడు మామ. మీసాలాయన గొడ్డలి ఎత్తాడు గానీ, "నేను ఉత్తుత్తికి ఎత్తే మనిషిని కాదు, ముందే చెబుతుండా," అన్నాడు.

నేను అడ్డం వెళ్ళాను. చెప్పాల్సిన మాట నోటిదాకా వచ్చింది. పక్కన ఆమె. వాళ్ళ అమ్మ చెట్టు. జామీను మాటకు బదులు, "తప్పు చెట్టుది కాదయ్యా, నాది," అనేశాను. "కొనకొమ్మన ఒక గుత్తి మొదటి తూరే కొయ్యకుండా వదిలేసినాను. అన్ని తూర్లూ వదిలేసినాను."

"ఎందుకు వదిలినావురా?" అన్నాడు మీసాలాయన.

నిజం చెప్పే ధైర్యం నాకెక్కడిది! "అంత పైకి పోతే నాకు కండ్లు తిరుగుతాయయ్యా," అన్నాను. తాలూకాలో నన్ను మించినవాడు లేడని చెప్పుకున్న నోటితోనే. రంపం కూలీలు పగలబడి నవ్వారు. మామ నా నెత్తిన ఒక్కటి వేశాడు. (ఆ తర్వాత చాలా ఏళ్ళు నేను ఆ రోడ్డు పొడుగునా కండ్లు తిరిగే డాక్టరునే.) అప్పుడు ఆమె తల వంచుకుని, "నాదీ తప్పే నాయనా. కింద నిలబడి చూసింది నేను. నాకు కనబడలేదు," అంది. నా మీద జాలిపడి తప్పు పంచుకుంటోందనుకుని ఇంకా కుమిలిపోయాను. మీసాలాయన కూతురి కేసి చాలాసేపు చూసి, గొడ్డలి దించాడు. "ఇప్పుడే ఎక్కు. నా కండ్ల ముందర అన్నీ తియ్యి. ఇంకొక పూత చూస్తా." ఎక్కాను. ఈసారి కింద నిలబడి చోటు చెప్పింది మామ. చిటారు గుత్తిని కోసి కిందికి విసిరాను. ఆమె అప్పటికే ఇంట్లోకి వెళ్ళిపోయింది.

మరుసటి ఏడు చెట్టు నాలుగు పక్కలా పూసి కాసింది. అప్పటికి ఆమెను డెంకణికోట వైపు ఇచ్చారు. మీసాలాయన మాకు ఒక గంప పండ్లు పంపించాడు. నేను ఒకటి తిన్నాను. చాలా తియ్యగా ఉంది. రెండోది తినలేకపోయాను.

పదేళ్ళ తర్వాత రోడ్డు పక్క చింతచెట్టు మీది నుంచి పడి నా కాలు విరిగింది. (కండ్లు తిరిగి కాదు, తాడు తెగి. ఎవరూ నమ్మలేదు.) ఇక ఎక్కే పని మామ కొడుకుది, కింద నిలబడే పని నాది. మొదటి రోజు కృష్ణగిరి దగ్గర ఒక తోటలో కుంటుకుంటూ మామిడి చెట్టు చుట్టూ తిరిగి, దుక్కిలో నిలబడి తలెత్తాను. చిటారు కొమ్మన ఒక బదనిక గుత్తి. ఆకాశం వెలుతురులో, ఎర్రటి పూలతో, మొత్తం చెట్టు మీద అన్నిటికంటే ముందు కళ్ళకు తగిలేది అదే. రెండు రెమ్మలు కాదు గదా, పది రెమ్మలు వంచి కప్పినా కింద ఉన్నవాళ్ళ కంటికి అది దాగదు.

"ఇంకేమన్నా కనబడతాందా బావా?" అని పై నుంచి మామ కొడుకు అరిచాడు. వాడు మళ్ళీ అరిచాడు. నాకు నవ్వు వచ్చింది, దానితో పాటే కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. ఇరవై రెండేళ్ళ మొనగాడు ఒకడు గుత్తి దాచానని మురిసిపోతూ సైకిలు తొక్కుకుంటూ పోవడం కనబడింది. నాలుగుసార్లు అడిగాను. నాలుగుసార్లూ ఆమె చెట్టు చుట్టూ నడిచి, తలెత్తి చూసి, తన తల్లి నాటిన చెట్టు కిందే నిలబడి, ఏమీ లేదంది. చెట్టు మీద ఉన్నవాడికి ఏమీ కనబడదని మామ మొదటి రోజే చెప్పాడు.