నీలిముడి సంచీ

లేబుళ్ళ ప్రెస్సుకు వచ్చేవాళ్ళలో సగంమంది కోరిక ఒక్కటే. పేరుమోసిన కంపెనీ సీసా ఒకటి బల్లమీద పెట్టి, "అచ్చం ఇలాగే ఉండాలి, కానీ ఇది కాకూడదు" అంటారు. ఆ కాని పనిని అయ్యేలా చేయడమే మన లేబులమ్మ ఉద్యోగం. ఎరుపును కాస్త నారింజ వైపు జరిపి, గుర్రానికి చెవులు కాస్త పెంచి, పదిహేనేళ్ళు నెట్టుకొచ్చింది. చివరికి అలాంటి పొడుగు చెవుల గుర్రం ఒకటి కోర్టుకెక్కింది. ప్రెస్సు యజమాని చెమటలు తుడుచుకుని, ఇకమీదట ఏ లేబులైనా చట్టం తెలిసినవాళ్ళు చూశాకే అచ్చుకు వెళ్ళాలన్నాడు. ఆ కుర్చీ తనకే దక్కాలని లేబులమ్మకు పట్టుదల పుట్టింది. యజమాని కూడా చదువుకుని పరీక్షలు రాసేదాకా ఆగుతాను, ఈ ఏడు దాటితే మాత్రం బయటివాళ్ళను పెట్టుకుంటానన్నాడు. అలా నలభై దాటాక ఆవిడ దూరవిద్యలో మేధోసంపత్తి చట్టం మీద పీజీ డిప్లొమాలో చేరింది.

తనొక్కతే చేరి ఉంటే ఏ గొడవా లేకపోయేది. పై వాటాలో ఆడపడుచు ఉంది కదా! బళ్ళో లెక్కల టీచరు. వదిన చదువుతుంటే తను చేతులు ముడుచుకు కూర్చోవడమా? వారం తిరక్కుండా ఆవిడా చేరిపోయింది. ఇక ఆదివారం వచ్చిందంటే భోజనాల బల్ల తరగతి గదే. ఫోనులో పాఠం నడుస్తూంటే ఇద్దరూ పోటీలు పడి రాసుకునేవారు. ఒకరు పెన్ను దించితే రెండోవారు ఏం రాశారా అని మెడ సాచేవారు. లేబులమ్మ మొగుడు తెలివైనవాడు. పాఠం మొదలవగానే మొక్కలకు నీళ్ళు పోసే మిషతో బయటపడేవాడు.

బల్ల చివర అత్తగారు బఠానీలు ఒలుస్తూ కూర్చునేది. ఒక ఆదివారం, ఒకరి సరుకు గుర్తును మరొకరు వాడుకుని కొనేవాళ్ళను మోసగించడం గురించి పాఠం నడుస్తోంది. ఫోనులో లాయరుగారు గంటసేపు చెప్పింది విని అత్తగారు పెదవి విరిచింది.

"దీనికింత పుస్తకం ఎందుకర్రా? నా సంచులకి జరిగింది ఇదేగా" అంది.

పెళ్ళికి ముందు ఆవిడ మందపు గుడ్డతో సంచులు కుట్టి అమ్మేదట. పిడి మొదట్లో నీలిదారంతో ఒక ముడి వేసేదట. బజార్లో అందరూ నీలిముడి సంచీ కావాలని అడిగి మరీ కొనేవారు. రెండు వీధుల అవతల ఇంకొకామె తన సంచులకూ అదే ముడి వేయడం మొదలుపెట్టింది. అవేమో ఒక్క బరువుకే పిగిలిపోయేవి. పిగిలిన సంచులు పట్టుకుని జనం ఈవిడ మీదికి వచ్చేవారు. ఉల్లిపాయలు వీధి పొడుగునా దొర్లిపోతే వాటి వెనక పరుగెత్తిన పెద్దమనిషి తిట్లను అత్తగారు గొంతు మార్చి అప్పజెప్పింది. నీలానికి ఎరుపు కలిపి చూసిందట, వారంలో అక్కడా ఎరుపే. చివరికి విసుగెత్తి కుట్టుమిషను మూత వేసేసింది. వదినా ఆడపడుచూ కడుపు చెక్కలయ్యేలా నవ్వారు. మూత వేసేసిన సంగతి దగ్గర నవ్వేందుకేమీ లేదని ఇద్దరికీ తోచలేదు.

అసైన్‌మెంటు రోజులు వచ్చాయి. స్వయంగా ఎరిగిన ఉదాహరణ ఒకటి రాయమన్నారు. లేబులమ్మ గుట్టుచప్పుడు కాకుండా సంచుల కథ రాసి పంపింది. పై వాటాలో ఆడపడుచూ అదే పని చేసింది. కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ రెండింటినీ ఒక్క పట్టున పట్టుకుంది. ముడీ, ఎరుపూ, దొర్లిన ఉల్లిపాయలూ అన్నీ ఒకటే. వీడియోలో విచారణకు రావాలనీ, సరైన సంజాయిషీ లేకపోతే ఇద్దరికీ ఈ ఏడు పరీక్ష లేదనీ కబురొచ్చింది. పరీక్ష పోతే లేబులమ్మకు ప్రెస్సులో కుర్చీ పోయినట్టే.

ఆ వారమంతా ఇంట్లో పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేలా ఉంది. మా అమ్మ కథ నాది కాక ఎవరిదని ఆడపడుచు. నా బల్ల దగ్గర చెప్పిన కథ నాదేనని వదిన. మెట్ల మీద ఎదురైతే మూతులు తిప్పుకోవడమే. కబుర్లన్నీ మొగుడుగారే మోశాడు, పాపం.

విచారణ రోజున పైన నెట్ సరిగా రాక ఆడపడుచు కిందికే దిగివచ్చింది. ఇద్దరూ ఒకే తెర ముందు ఎడమొహం పెడమొహంగా కూర్చున్నారు. ప్రొఫెసరు ఇద్దరి వాదనా ఓపిగ్గా విన్నారు.

"కథ ఆ పెద్దావిడదైతే ఇద్దరిలో ఒక్కరూ ఆవిడ పేరెందుకు రాయలేదు?" అని అడిగారు.

ఒకరు 'ఒక గృహిణి' అని రాశారు, ఇంకొకరు 'ఒక కుట్టుపనామె' అని. అత్తగారు బఠానీల పళ్ళెంతో సహా తెర ముందుకు వచ్చింది.

"కథ నాదే నాయనా. వీళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసి రాయలేదు. కానీ నన్నూ అడగలేదు" అంది.

ఆయన నవ్వు ఆపుకుంటూ, ఆవిడ ఒప్పుకుంటే, పేరు రాసి వారంలోగా మళ్ళీ పంపమన్నారు.

లేబులమ్మ వెంటనే పెన్ను తీసింది. అత్తగారు చెయ్యి అడ్డం పెట్టింది.

"రాస్తే నా పేరు రాయండి. ఫలానావారి భార్య, ఫలానావాడి తల్లి అని కాదు. సంచులు కుట్టినప్పుడు వాళ్ళెవరూ లేరు."

లేబులమ్మ పెన్ను ఆగిపోయింది. ఇరవై ఏళ్ళు ఒకే వంటింట్లో మెలిగి, అత్తగారి పుట్టింటి ఇంటిపేరు ఎన్నడూ అడగలేదు. ఆడపడుచు వైపు చూసింది. తెలిసీ రాయాలని తోచని ఆవిడా తల దించుకుంది. ఊళ్ళో సీసాలన్నిటి మీదా ఎవరి పేరు ఉండాలో తేల్చడానికి బయల్దేరిన లేబులమ్మకు ఆ క్షణాన నిజంగా సిగ్గేసింది.

"చెప్పండి అత్తయ్యా, రాసుకుంటాను" అంది నెమ్మదిగా.

ఆవిడ చెప్పింది. ఇద్దరూ రాసుకున్నారు. పంపేముందు లేబులమ్మ చదివి వినిపిస్తే, ఆ పేరున్న చోట అత్తగారు మళ్ళీ చదవమంది. ఆ పేరుతో తనను పిలిచి ఎన్నేళ్ళయిందో అని కళ్ళు తుడుచుకుని, అటక మీది మిషను దింపమని కొడుక్కి చెప్పింది.

పరీక్షకు వదినా ఆడపడుచూ ఒకే ఆటోలో, పోట్లాడుకుంటూనే వెళ్ళారు. ఇద్దరి భుజాలకూ కొత్త సంచులు, పిడి మొదట్లో నీలిముడి. హాలు బయట పక్కనే నిలబడ్డ అమ్మాయి సంచీని పట్టి చూసి, భలే ఉంది, ఎవరు కుట్టారని అడిగింది.

'మా అత్తగారు' అని నోటిదాకా వచ్చింది. లేబులమ్మ ఆగి, పేరు చెప్పింది. పుట్టింటి ఇంటిపేరుతో సహా.